బరువు, చక్రం, కమాను: బండి సత్తా ఎక్కడుంది?



మన హాస్టల్లో ట్రంకుపెట్టె మూత తీస్తే లోపల దేవుడి పటం పక్కన ఒక కారు బొమ్మ అంటించి ఉండటం మామూలే. ఎర్ర రంగు మస్టాంగో, నల్ల రంగు ఛాలెంజరో. పోయిన సెలవుల్లో వచ్చినప్పుడు ఒక తమ్ముడు ఆ బొమ్మ చూపించి "అన్నా, దీనికి ఎన్ని హార్స్ పవరో తెలుసా?" అని అడిగాడు. మంచి ప్రశ్నే గానీ అది సగం ప్రశ్న. ఆ గుర్రాలు ఎంత బరువు లాగాలి? లాగే బలం ఏ చక్రం ద్వారా నేలకు అందుతుంది? ఆ చక్రాన్ని ఎగిరిపోకుండా నేలకు అంటిపెట్టి ఉంచేది ఏమిటి? మిగతా సగం ఇదీ. ఈ సగం తెలిస్తే అమెరికా కారే కాదు, మనం శ్రీకాకుళం నుంచి శ్రీకూర్మం వచ్చే ఆటో కూడా అర్థమవుతుంది. నిజానికి నేను ఈ వ్యాసం రాస్తున్నది ఆ ఆటో కోసమే.

నేను చదివింది ఎమ్మెస్సీ ఫిజిక్స్. మెకానిక్కుని కాను. మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. కానీ చక్రం గురించి నాకంటే ముందు తెలిసినవాళ్ళు మా ఇంటినిండా ఉన్నారు. మా తాత ఎడ్లబండి తోలాడు, నాన్న లారీ క్లీనరుగా చేరి డ్రైవరయ్యాడు, చిన్నాన్న ఆటో నడుపుతున్నాడు. వాళ్ళ అనుభవానికి నేను పుస్తకంలోని సూత్రాలు జత చేస్తున్నాను, అంతే.

మజిల్ కారు అంటే కండల కారు. అమెరికాలో 1964లో పాంటియాక్ జీటీవో అనే కారు వచ్చింది. మధ్యరకం కారులో పెద్ద కారుకు పెట్టే 6.4 లీటర్ల వీ-8 ఇంజను పెట్టారు. ఈ కోవకు అదే ఆరంభమని చాలామంది చెబుతారు. అదే ఏడాది ఏప్రిల్‌లో ఫోర్డ్ మస్టాంగ్ వచ్చింది. ఆ కార్ల గొప్పదనమంతా తిన్నని రోడ్డు మీద. పావు మైలు, అంటే సుమారు 402 మీటర్లు, ఎంత తొందరగా దాటుతుందన్నదే పందెం. మలుపు వస్తే మాత్రం వాటి కండలు పనికొచ్చేవి కావు. ఎందుకో చూద్దాం.

బరువు సంగతి

న్యూటన్ రెండో నియమం తొమ్మిదో తరగతిలోనే చదువుకున్నాం. బలం అంతే ఉండి ద్రవ్యరాశి రెట్టింపైతే త్వరణం సగమవుతుంది. అందుకని బండి చురుకుదనం తెలియాలంటే ఇంజను హార్స్ పవర్ ఒక్కటే చూడకూడదు, ఒక్కొక్క గుర్రం వాటాకు ఎన్ని కిలోలు వచ్చాయో లెక్క వేయాలి.

2016లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన మస్టాంగ్ జీటీకి 5 లీటర్ల వీ-8 ఇంజను, దాదాపు 400 హార్స్ పవర్, బరువు సుమారు 1,700 కిలోలు. ఒక గుర్రానికి నాలుగు కిలోల పైచిలుకు. 2015 మోడల్ డాడ్జ్ ఛాలెంజర్ హెల్‌క్యాట్‌కు 707 హార్స్ పవర్, బరువు 2,000 కిలోల పైనే. గుర్రానికి మూడు కిలోల లోపు. మన హీరో స్ప్లెండరుకు ఎనిమిది గుర్రాలు. బండి 110, మనిషి 60 కలిపితే 170 కిలోలు. గుర్రానికి 21 కిలోలు. ఇక ఆటో. ఇంజను బలం పది గుర్రాలకు అటూఇటూ. ఖాళీ బండి నాలుగు వందల కిలోలనుకుందాం. డ్రైవరు, ముగ్గురు మనుషులు ఎక్కితే 640. గుర్రానికి 64 కిలోలు. పదిమంది ఎక్కితే? డ్రైవరుతో కలిపి 1,060. గుర్రానికి 106 కిలోలు! ఇక్కడ ఇంకో సంగతి చూడండి. మస్టాంగ్‌లో నలుగురు కూర్చున్నా మనుషుల బరువు బండి బరువులో ఏడో వంతే. మన ఆటోలో మనుషుల బరువే బండి బరువును మించిపోయింది. అంటే పదిమంది ఎక్కాక అది కంపెనీ తయారుచేసిన ఆటో కాదు. దాని గుణాలన్నీ మారిపోయిన వేరే బండి.

బరువు తగ్గిస్తే ఏమవుతుందో చూడాలంటే హైదరాబాదుకు పోవాలి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున, మామూలు రోజుల్లో బస్సులూ బైకులూ తిరిగే రోడ్ల మీదే, ఫార్ములా-ఈ కరెంటు కార్ల పందెం జరిగింది. మన దేశంలో ఆ పందెం జరగడం అదే మొదలు. ఫ్రాన్సుకు చెందిన జాన్-ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ కార్ల సామర్థ్యం 350 కిలోవాట్లు, అంటే సుమారు 470 హార్స్ పవర్. హెల్‌క్యాట్ కంటే చాలా తక్కువ. కానీ బరువు డ్రైవరుతో కలిపి 850 కిలోల దరిదాపుల్లోనే. గుర్రానికి రెండు కిలోలు కూడా లేదు. కండలు పెంచడం ఒక దారి, ఒళ్ళు తగ్గించుకోవడం ఇంకో దారి. రెండో దారిలో ఒక లాభం ఎక్కువ. తక్కువ బరువు బండి ఆగడంలోనూ తిరగడంలోనూ కూడా చురుగ్గా ఉంటుంది.

చక్రం

మా తాత బండి చక్రం నా ఛాతీ ఎత్తు ఉండేది. కర్ర ఆకులు, చుట్టూ ఇనుప పట్టా. ఆటో చక్రం చూడండి, రిమ్ము ఎనిమిది అంగుళాలు. చిన్నప్పుడు ఎడ్లబండి పాతకాలంది, ఆటో కొత్తది కాబట్టి ఆటో చక్రమే మేలైనదనుకునేవాణ్ణి. గోతుల రోడ్డు మీద లెక్క వేరు. పెద్ద చక్రం చిన్న గోతి మీంచి దాటిపోతుంది, దిగదు. చిన్న చక్రం అదే గోతిలో పూర్తిగా దిగి, ఎదుటి అంచుకు గుద్దుకుని ఎక్కాలి. ఎక్కాల్సిన వాలు నిటారుగా ఉంటుంది కాబట్టి దెబ్బ ఎక్కువ. గోతుల రోడ్డు మీద చక్రం సైజును మించిన కమాను లేదు.

మరి చక్రాలన్నీ పెద్దవిగా పెడితే పోలేదా? అక్కడే ఇంకో చిక్కు. చక్రం బరువు మామూలు బరువు కాదు. డిక్కీలో పెట్టిన ఒక కిలో బియ్యం బండితో పాటు ముందుకు పోతుంది, అంతే. రిమ్ము అంచున ఉన్న ఒక కిలో ఇనుము ముందుకూ పోవాలి, గుండ్రంగానూ తిరగాలి. ఇంటర్లో జడత్వ భ్రామకం చదివినవాళ్ళకు తెలుసు. బరువంతా అంచునే ఉన్న వలయం దొర్లుతుంటే దాని గతిజ శక్తి, తిరగకుండా జారే అదే బరువు కంటే రెట్టింపు. అంటే వేగం పెంచేటప్పుడు అంచున ఉన్న ఒక కిలో, బండిలో పెట్టిన రెండు కిలోలతో సమానం. ఫోర్డు కంపెనీ షెల్బీ జీటీ350ఆర్ అనే మస్టాంగుకు కార్బన్ నారతో చేసిన చక్రాలు పెట్టింది. అల్యూమినియం చక్రం సుమారు 15 కిలోలైతే ఇది 8 కిలోలే. నాలుగింటి మీద తగ్గింది 28 కిలోలు. ఇంత చిన్న ఆదాకు అంత ఖర్చెందుకంటే ఇందుకే. ఇంకో కారణం కూడా ఉంది, అది స్ప్రింగు దగ్గర చెప్తాను.

టైరు గోడ మీద అంకెలు ఎప్పుడైనా చదివారా? 275/40 ఆర్19 అని ఉంటే వెడల్పు 275 మిల్లీమీటర్లు, టైరు గోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 40 వంతులు, అంటే 110 మిల్లీమీటర్లు, రిమ్ము 19 అంగుళాలు. మస్టాంగ్ జీటీ వెనక చక్రాలకు ఈ సైజు వేస్తారు. మన ఆటో టైరు మీద 4.00-8 అని ఉంటుంది. నాలుగు అంగుళాల వెడల్పు, ఎనిమిది అంగుళాల రిమ్ము. మొత్తం బండిని నేలకు పట్టి ఉంచేది ఒక్కో టైరు కింద అరచేయంత జాగా. వేగం పెంచినా, బ్రేకు వేసినా, మలుపు తిరిగినా ఆ అరచేతులే పని చేయాలి. ఇంజను ఏడు వందల గుర్రాలదైనా ఆ అరచేయి జారితే చక్రం ఉన్నచోటే తిరిగి పొగ లేస్తుంది. సినిమాలో చూడటానికి బాగుంటుంది గానీ పందెంలో అది ఓటమి.

ఇక్కడ తెలివైన తమ్ముడు ఒక ప్రశ్న వేయాలి. ఘర్షణ స్పర్శాతలం వైశాల్యం మీద ఆధారపడదని పుస్తకంలో ఉంది కదా, మరి వెడల్పు టైరు దేనికి? పుస్తకం తప్పు కాదు. ఆ నియమం చెక్క దిమ్మలకు, ఇనుప దిమ్మలకు బాగా వర్తిస్తుంది. రబ్బరు మెత్తనిది. రోడ్డు గరుకులో ఒత్తుకుని పట్టుకుంటుంది. దాని మీద బరువు రెట్టింపు చేస్తే పట్టు పెరుగుతుంది గానీ రెట్టింపు కాదు, కొంచెం తగ్గుతుంది. అందుకని అదే బరువును ఎక్కువ రబ్బరు మీద పరిస్తే మొత్తం పట్టు ఎక్కువ దొరుకుతుంది. పైగా వెడల్పు టైరుకు మెత్తని రబ్బరు వాడినా తొందరగా వేడెక్కి అరగదు. దీన్నుంచే ఇంకో సంగతి తేలుతుంది. మలుపులో బరువంతా బయటి చక్రాల మీదకు ఒరిగిపోతే, బయటి చక్రానికి పెరిగిన పట్టు లోపలి చక్రానికి తగ్గిన పట్టును పూడ్చలేదు. మొత్తం మీద నష్టమే. మంచి కారు ఒరగకుండా ఉండాలనేది అందం కోసం కాదు.

ఆగే దూరం లెక్క కూడా వేద్దాం. పొడి తారు రోడ్డు మీద ఘర్షణ గుణకం 0.7 అనుకుంటే, 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి బ్రేకు పట్టాక 9 మీటర్లలో ఆగుతుంది. 60 వేగంతో 20 మీటర్లు. వేగం ఒకటిన్నర రెట్లయితే దూరం రెండుంపావు రెట్లయింది. కాలు బ్రేకు మీదకు పోయేలోగా గడిచే ఒక సెకనుకు ఇంకో 11, 17 మీటర్లు కలుపుకోండి. అదే రోడ్డు మీద మనవాళ్ళు వడ్లో చోళ్ళో పెసలో ఆరబోశారనుకోండి. టైరుకూ తారుకూ మధ్య గింజలు గోళీల్లా దొర్లుతాయి. గాలికి కొట్టుకొచ్చిన సముద్రపు ఇసుకైనా అంతే. గుణకం సగానికి పడితే దూరం రెట్టింపవుతుంది. కళ్ళం లేనివాడు రోడ్డు మీద కాక ఎక్కడ ఆరబోస్తాడు? వాణ్ణి అనడానికి లేదు. కానీ బైకు మీద పోయేవాడికి ఈ లెక్క తెలియాలి.

ఆ సూత్రంలో బండి బరువు లేదు, గమనించారా? బరువు పెరిగితే ఘర్షణ కూడా పెరుగుతుంది కాబట్టి కొట్టివేయబడుతుంది. "అయితే ఎంతమంది ఎక్కినా అంతే దూరంలో ఆగుతుందన్నమాట" అని సంబరపడకండి. ఆ లెక్క, బ్రేకు తన శక్తిమేర చక్రాన్ని పట్టగలిగినప్పుడే. గతిజ శక్తి మొత్తం బ్రేకు డ్రమ్ములో వేడిగా మారాలి. మూడొందల కిలోల మనుషుల కోసం చేసిన డ్రమ్ముకు ఏడొందల కిలోలు అప్పజెబితే అది పట్టలేదు, పట్టినా వేడెక్కి పట్టు వదిలేస్తుంది.

కమాన్లు, స్ప్రింగులు

ఎడ్లబండికి స్ప్రింగు లేదు. రోడ్డు మీద రాయి తగిలితే ఆ దెబ్బ ఇరుసుకు, ఇరుసు నుంచి బండికి, బండి నుంచి మన నడుముకు వస్తుంది. తర్వాత వచ్చిన టైరు బండికి గాలే స్ప్రింగు. లారీకి, పల్లెవెలుగు బస్సుకు కమాను కట్టలు ఉంటాయి. పొడవూ పొట్టీ ఉక్కు పట్టీలు ఒకదాని కింద ఒకటి కట్టిన కట్ట అది. చక్రం లేచినప్పుడు కమాను వంగి ఆ శక్తిని దాచుకుంటుంది, తర్వాత తిరిగి ఇస్తుంది.

ఖాళీ బస్సు గోతుల్లో ఎందుకంత ఎగురుతుంది, నిండు బస్సు ఎందుకు మెత్తగా పోతుంది? స్ప్రింగు డోలనాల పౌనఃపున్యం బరువు మీద ఆధారపడుతుంది. ఉదాహరణకు ఖాళీగా ఉన్నప్పుడు కమాను 6 సెంటీమీటర్లు కుంగి ఉంటే సెకనుకు రెండుసార్లు ఊగుతుంది. నిండుగా ఉండి 12 సెంటీమీటర్లు కుంగితే ఒకటిన్నర సార్ల లోపే. సెకనుకు ఒకటి ఒకటిన్నర ఊపు మనిషి ఒంటికి హాయి, దాదాపు నడక ఊపు. రెండు దాటితే కుదుపు. బరువు మోసే బండికి గట్టి కమాన్లు పెట్టక తప్పదు, ఖాళీగా పోయేటప్పుడు అది మనల్ని ఎగరేయకా తప్పదు. వెనక సీటు సంగతి వేరుగా చెప్పాలి. బస్సు ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య ఐదు మీటర్లు, ఆఖరి సీటు ముందు ఇరుసు నుంచి ఏడున్నర మీటర్లు ఉందనుకోండి. వెనక చక్రాల దగ్గర బస్సు పది సెంటీమీటర్లు లేస్తే ఆఖరి సీటు పదిహేను లేస్తుంది. తులాదండం సూత్రం. మనవాళ్ళకు ఆ సీటంటేనే ఎందుకంత ఇష్టమో మాత్రం ఫిజిక్సులో లేదు.

స్ప్రింగు ఒక్కటే ఉంటే ఒక గోతికి బండి పదిసార్లు ఊగుతుంది. దాన్ని ఆపేది షాకబ్జరు. లోపల నూనె, సన్నని రంధ్రాలున్న ముషలకం. నూనె ఆ రంధ్రాల్లోంచి కష్టపడి పోవడంలో ఊపు శక్తి వేడిగా మారుతుంది. పుస్తకంలో అవరుద్ధ డోలనాలు అంటారే, అవే. మన హాస్టల్ వెనక ఆగి ఉన్న ఏ బైకునైనా సీటు పట్టుకుని గట్టిగా కిందికి నొక్కి వదలండి. లేచి ఒకసారి కుదురుకుంటే షాకబ్జరు బాగున్నట్టు. మూడు నాలుగుసార్లు ఊగితే నూనె కారిపోయినట్టు. ఊగుతున్న ప్రతిసారీ చక్రం కింద బరువు ఒక క్షణం తగ్గుతుంది, ఆ క్షణంలో బ్రేకు వేస్తే జారుతుంది. షాకబ్జరు సుఖం కోసం అనుకుంటాం గానీ అది పట్టు కోసం. కొత్త మజిల్ కార్లలో కొన్నింటికి ఆ నూనెలో సన్నని ఇనుప రజను కలుపుతారు. కరెంటు పంపితే రజను అయస్కాంత క్షేత్రంలో వరసకట్టి నూనె చిక్కబడుతుంది. రోడ్డును బట్టి సెకనుకు వెయ్యిసార్ల వరకు ఆ చిక్కదనం మార్చగలదు.

చక్రం తేలికగా ఉండాలనడానికి రెండో కారణం ఇక్కడుంది. స్ప్రింగు పైన ఉన్న బరువు వేరు, కింద ఉన్న బరువు వేరు. చక్రం, బ్రేకు, ఇరుసు స్ప్రింగు కింద ఉంటాయి. గోతి రాగానే ఆ బరువు టక్కున దిగి టక్కున లేవాలి. బరువైన చక్రం లేచిందంటే తొందరగా దిగదు, దిగేదాకా గాల్లోనే. గాల్లో ఉన్న చక్రానికి ఇంజనూ లేదు, బ్రేకూ లేదు.

మస్టాంగ్ కథ ఇక్కడ చెప్పుకోవాలి. 1964 నుంచి 2014 దాకా, మధ్యలో కొన్ని ప్రత్యేక మోడళ్ళు తప్ప, దానికి వెనక ఎడ్లబండిలా రెండు చక్రాలకూ కలిపి ఒకటే ఇరుసు. ఒక చక్రం గోతిలో దిగితే రెండోది కూడా వాలుతుంది. మలుపులో గతుకు తగిలితే వెనక భాగం పక్కకు గెంతేది. 2015 మోడల్ నుంచి ఏ చక్రానికా చక్రం విడిగా కదిలేటట్టు మార్చారు. అమెరికాలో అలవాటుపడిన వాళ్ళు కొందరు గొణిగారట. తిన్నని పందేనికి పాత ఇరుసే గట్టిదని వాళ్ళ వాదన. అందులో నిజం లేకపోలేదు. ఏ పనికి ఏ బండి అన్నదే ప్రశ్న.

బరువు ఎక్కడ కూర్చుంది

బండి ముందుకు దూకినప్పుడు మనం వెనక్కి పడతాం. బండి బరువు కూడా అంతే, వెనక చక్రాల మీదకు పోతుంది. 1,700 కిలోల కారు, గరిమనాభి నేల నుంచి అర మీటరు ఎత్తున, ఇరుసుల మధ్య 2.72 మీటర్లు అనుకుంటే, గురుత్వ త్వరణంలో సగంతో దూకితే 156 కిలోలు ముందు నుంచి వెనక్కి మారతాయి. వెనక చక్రాలతో నడిచే కారుకు ఇది వరం, లాగే చక్రానికే పట్టు పెరిగింది. 2018 మోడల్ డాడ్జ్ డీమన్ కారు చేసినవాళ్ళు దీన్నే వాడుకున్నారు. మెత్తని స్ప్రింగులు పెట్టి ముందు భాగం బాగా లేచేటట్టు చేశారు, బరువు తగ్గించడానికి డ్రైవరు సీటు తప్ప మిగతావి తీసేశారు. ఆ కారు బయల్దేరేటప్పుడు ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. బ్రేకు వేసినప్పుడు ఇదంతా తలకిందులు, బరువు ముందుకు వస్తుంది.

ఇప్పుడు మలుపు. కారు పల్టీ కొట్టాలంటే గరిమనాభి ఎత్తును చక్రాల మధ్య దూరంలో సగంతో పోల్చాలి. చక్రాల మధ్య 160 సెంటీమీటర్లు, సగం 80. ఎత్తు 50. నిష్పత్తి 1.6. మామూలు టైరు రబ్బరు పట్టు ఒకటికి పెద్దగా మించదు కాబట్టి చదునైన రోడ్డు మీద అలాంటి కారు వేగంగా తిప్పితే పక్కకు జారుతుంది గానీ బోర్లా పడదు. మన గుళ్ళో తాబేళ్ళను చూశారు కదా, వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. పడదోయడం ఎంత కష్టమో!

ఆటోకు మూడే చక్రాలు. మూడు కాళ్ళ పీట మీద మధ్యలో కూర్చుంటే కదలదు. రెండు కాళ్ళ మధ్య అంచుకు జరిగితే ఒరుగుతుంది. ఆటో కింద నేల మీద ఒక త్రిభుజం గీసుకోండి. వెనక వెడల్పు 115 సెంటీమీటర్లు, ముందుకు పోయేకొద్దీ సన్నబడి ముందు చక్రం దగ్గర సున్నా. పొడవు రెండు మీటర్లు. ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలు, బండిని బట్టి కొంచెం మారతాయి. ముగ్గురూ వెనక సీట్లో కూర్చుంటే గరిమనాభి వెనక ఇరుసుకు దగ్గరగా, పొడవులో మూడో వంతు దగ్గర ఉంటుంది. అక్కడ త్రిభుజం వెడల్పు 77, సగం 38. ఎత్తు 60 అనుకుంటే నిష్పత్తి 0.63. ఇప్పుడు డ్రైవరుకు అటొకడు ఇటొకడు, ముందు పలక మీద ఇద్దరు కూర్చున్నారు, పైన మూటలు కట్టారు. గరిమనాభి మధ్యకు వచ్చింది, పైకి లేచింది. అక్కడ వెడల్పులో సగం 29. ఎత్తు 75. నిష్పత్తి 0.38.

ఇరవై మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపు తీసుకోండి. మొదటి ఆటో 40 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుంది. రెండోది 31 దగ్గరే లోపలి చక్రం లేపుతుంది. అదీ స్ప్రింగులు నొక్కుకుని ఒరగడం లెక్కలోకి తీసుకోకుండా. మలుపు మధ్యలో కుక్కో మేకో అడ్డొచ్చి బ్రేకు వేస్తే బరువు ఇంకా ముందుకు, అంటే త్రిభుజం ఇంకా సన్నగా ఉన్నచోటికి జరుగుతుంది. పైగా 0.38 అన్నది రబ్బరు పట్టు కంటే తక్కువ. కారు జారి హెచ్చరిస్తుంది. నిండిన ఆటో జారే అవకాశం కూడా ఇవ్వకుండా నేరుగా పడుతుంది.

ఈ లెక్క నోటు పుస్తకంలో వేసి మా చిన్నాన్నకు చూపించాను. ఆయన బొమ్మ వంక చాలాసేపు చూశాడు. "నువ్వు గీసింది నిజిమేరా. ముందల ఇద్దరు కూకుంటే హేండిలు బరువైపోద్ది, తెలస్తాది. కానీ ముగ్గుర్నెక్కిస్తే ఏటొస్తాది? ఆయిలుకే చాలదు. కిస్తీ ఎవుడు కడతాడు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. సంక్రాంతి సెలవులకు బస్సు తప్పిపోతే ఆ ఆటో వెనక కమ్మీ పట్టుకుని వేలాడి ఇంటికి పోయేది మనమే. ఛార్జీ అంతకంటే ఎక్కువ ఇవ్వలేనిదీ మనమే. కాబట్టి ఈ తప్పును డ్రైవరు నెత్తిన రుద్ది ఊరుకోవడం నాకు న్యాయంగా తోచదు. కానీ త్రిభుజానికి మన కష్టం తెలియదు.

ఆ రోజు చిన్నాన్నా నేనూ కొన్నింటికి ఒప్పుకున్నాం. ఎంతమంది ఎక్కినా డ్రైవరు పక్కన మాత్రం ఎవరూ వద్దు. తగ్గించవలసిన మొదటి మనిషి అక్కడి మనిషే, ఎందుకంటే వెనక ఒకణ్ణి తగ్గించడం కంటే ముందు ఒకణ్ణి తగ్గిస్తే గరిమనాభి ఎక్కువ వెనక్కి పోతుంది. పుస్తకాల సంచులు, బియ్యం మూట పైన కాదు, కాళ్ళ దగ్గర నేల మీద. టైర్లలో గాలి వారానికోసారి చూడాలి. గాలి తగ్గిన టైరు గోడ ప్రతి తిరుగుడుకూ నలిగి వేడెక్కుతుంది. మే నెల ఎండలో నిండు బరువుతో పేలేవి ఎక్కువగా అవే. వెనక స్ప్రింగులకు గట్టి స్ప్రింగులు వేయించడం మందు కాదు. కుంగడం తగ్గుతుంది గానీ బ్రేకూ టైరూ త్రిభుజమూ పాతవే. పైగా బండి ఎత్తు పెరుగుతుంది.

బైకుల తమ్ముళ్ళకు ఒక మాట. వెనక మడ్‌గార్డు పీకేసి, లావు టైరు వేసి, షాకబ్జరు బిగించేస్తే మజిల్ కారు కాదు. లావు టైరు బరువు ఎక్కువ, ఇంజను ఎనిమిది గుర్రాలదే. సన్న రిమ్ముకు లావు టైరు ఎక్కిస్తే గోడలు లోపలికి నొక్కుకుని నేలను తాకే జాగా గుండ్రంగా మారుతుంది, పట్టు పెరగదు. కంపెనీ ఇచ్చిన సైజు ఊరికే ఇచ్చింది కాదు.

ఇక కరెంటు బండ్లు. పెట్రోలు మజిల్ కార్లలో ఛాలెంజర్, కమారో రెండింటి తయారీ 2023 ఆఖరున ఆగిపోయింది. డాడ్జ్ తెచ్చిన కరెంటు ఛార్జర్ డేటోనా 670 హార్స్ పవర్ కారు. బరువు సుమారు 2,650 కిలోలు, బ్యాటరీ వల్ల. గుర్రానికి నాలుగు కిలోలు, మళ్ళీ 2016 మస్టాంగ్ దగ్గరికే వచ్చింది. కానీ ఆ బరువు నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి పెద్దగా ఒరగదు. మన రోడ్ల మీదకూ కరెంటు ఆటోలు వస్తున్నాయి. బ్యాటరీ సీటు కిందనో నేల పలక కిందనో ఉంటుంది కాబట్టి గరిమనాభి కొంత దిగుతుంది. పై లెక్కలో 75 బదులు 65 వేసి చూడండి, నిష్పత్తి 0.45 వస్తుంది, అదే మలుపులో 34 కిలోమీటర్లు. మూడు కిలోమీటర్ల లాభం. డ్రైవరు పక్కనున్న ఇద్దర్నీ దించి, 29 బదులు 38 వేస్తే ఎంతొస్తుందో మీరే కట్టి చూడండి.